ఉప్పునీళ్ల బేసిన్‌కి గుండెజబ్బు

డెలీసియా లెదెస్మా ఛాతీలో ఒక గాడిద ఉంది. డాక్టర్లు దాన్ని డీఫిబ్రిలేటర్ అంటారు. ఎడమ భుజం కింద, చర్మం లోపల కుట్టేసిన చిన్న డబ్బా. గుండె దారి తప్పి పిచ్చిపరుగు తీసినప్పుడల్లా ఒక్క కరెంటు దెబ్బ కొట్టి దారిలో పెడుతుంది. ప్రాణం కాపాడుతుంది, కాదనేది లేదు. కానీ ఆ దెబ్బ తిన్నవాళ్లెవరూ దాన్ని కాపాడటం అనరు.

"వెనక్కాళ్లు రెండూ ఎత్తి తంతుంది దరిద్రపుది," అంటుంది డెలీసియా.

మేకపాలు పితుకుతుంటే తన్నింది. బస్సు ఎక్కుతుంటే తన్నింది. చర్చిలో మోకాళ్ల మీద ఉండగా తన్నితే, ఫాదర్ అది దేవుడి స్పర్శ అనుకొని భక్తిగా కళ్లు మూసుకున్నాడు. ఆమె నోట్లోంచి వచ్చిన మాట విని వెంటనే తెరిచాడు.

చిన్నప్పుడు మట్టింటి గోడ పగుళ్లలో కాపురముండే వించూకా పురుగు నిద్రపోతున్న ఆమె బుగ్గ కొరికింది. అది అంటించిన చాగస్ జబ్బు ఏళ్ల తరబడి గుండెకండలో తిష్ఠ వేసి, తొందరేమీ లేకుండా తింటూ కూర్చుంది. దానికి మంచి మందు కనిపెట్టాలని ఎవరికీ తొందర లేదు. మట్టింట్లో పడుకునేవాళ్ల జబ్బు మీద ఎవడు లాభపడతాడు?

తిన్నచోట మచ్చ పడింది. ఆ మచ్చ మధ్యలో ఇంకా చావని కండపోగులు కొన్ని మిగిలాయి. గుండెలో నడిచే కరెంటు ఆ పోగుల్లో దూరి, బయటికి దారి దొరక్క గుండ్రంగా తిరుగుతుంది. ఆ సుడిలో పడే గుండె పరుగెడుతుంది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగని గుండెలోకి పంపి, ఆ పోగులు ఇచ్చే సంకేతాలని బట్టి వాటి చోటు కనిపెట్టి, తీగ కొసతో కాల్చెయ్యాలి. కాల్చడం తేలిక. కనిపెట్టడమే చావు.

కోర్దొబా నగరంలోని సర్కారు ఆసుపత్రిలో ఆమెకి అప్పటికే రెండుసార్లు కాల్చారు. రెండుసార్లూ ఇంటికెళ్లాక గాడిద మళ్లీ తన్నింది.

"ఇంకొక్కసారి చూస్తాను, అదే ఆఖరు," అన్నాడు డాక్టర్ ఒలెగారియో ఫూనెస్, మంచం పక్కన నిలబడి. "ఈసారి కూడా చోటు దొరక్కపోతే ఇక ముట్టుకోను. మీ గుండె తట్టుకోదు."

"దొరక్కపోతే ఈ డబ్బా పీకెయ్ నాయనా," అంది డెలీసియా. "తన్నులు తింటూ బతకడం నా మొగుడితోనే సరిపోయింది. వాణ్ణి పూడ్చిపెట్టా. దీన్నీ పూడ్చిపెడతా."

డబ్బా పీకేస్తే మళ్లీ వచ్చే పరుగుకి ఆమె ఉండదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఆ మాట వింటూ తలుపు దగ్గర నిలబడిన మనిషి ఇవోన్ పెదెర్నేరా, ల్యాబ్ ఇంజనీరు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. గుండె సంకేతాలని రికార్డు చేసే యంత్రం ఆమె చేతి కింద ఉండేది. ఆ యంత్రమంటే ఆమెకి ఒళ్లు మంట. మచ్చలోని పోగులు ఇచ్చే సంకేతం ఎంత చిన్నదంటే, పక్కన బాగున్న గుండెకండ కొట్టే డోలు ముందు అది దోమ దగ్గు. డోలు దెబ్బ పడిన తరవాత, రెప్పపాటు ఆలస్యంగా, ఎక్కడో మూల నుంచి వస్తుంది. దాన్ని పట్టాల్సిన యంత్రమేమో పెద్దమనిషి. గోడల్లో పారే కరెంటు రొద తెర మీదికి వస్తే, ముక్కు మూసుకొని తుడిచేస్తుంది. అలా తుడిచే మీటకి ల్యాబ్‌లో అందరూ 'ఇస్త్రీ' అని పేరు పెట్టారు. ఇస్త్రీ నొక్కితే తెర మీది గీత పెళ్లికి వేసుకెళ్లే చొక్కాలా నలగకుండా మెరుస్తుంది. ఫూనెస్ ఇస్త్రీ లేకుండా ఒక్క కేసూ చేసి ఎరగడు. ఆ గీతలే సదస్సుల్లో తెర మీద వేసి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇవోన్‌కి ఆ నునుపు మీద అనుమానం. అందుకే సొంతంగా ఒక రికార్డింగ్ పెట్టె తయారుచేసింది. డోలునీ దోమనీ రెండింటినీ ఒకేసారి పట్టాలి, దేన్నీ తుడవకూడదు, అదీ లెక్క. లోపలి పలకలు విశ్వవిద్యాలయంలో స్నేహితులతో చేయించింది. బయటి కవచం మాత్రం బిస్కెట్ల రేకు డబ్బా. మూత మీద ఇప్పటికీ గుర్రబ్బండి బొమ్మ ఉంది. ఆసుపత్రి కమిటీ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పేషెంటుకి ప్రమాదం లేదని తేల్చుకొని, మొహం చిట్లిస్తూ ఒప్పుకుంది. ఫూనెస్ మాత్రం ఒప్పుకోలేదు.

"నీ పెట్టె మురికిగా చూపిస్తుందమ్మాయ్. పాతది శుభ్రంగా చూపిస్తుంది."

"శుభ్రంగా చూపించేది అద్దం కాదు డాక్టర్, ఫొటో స్టూడియో."

కోర్దొబాలో మనిషికి నామకరణం రెండుసార్లు జరుగుతుంది. చర్చిలో పెట్టింది మర్చిపోతారు, వీధిలో పెట్టింది సమాధి దాకా వెంట వస్తుంది. ఫూనెస్‌కి పెద్ద నర్సు ఎర్మీనియా పెట్టిన పేరు 'ఫ్రిజ్ బల్బు'. తలుపు తెరిచి ఎవరైనా చూస్తేనే వెలుగుతాడు, మూస్తే చీకటి. చెయ్యి మంచిదే, తీగ నడపడంలో ఆయన్ని మించినవాళ్లు తక్కువ. కానీ ల్యాబ్ లోపలి గోడకి, ప్రతి ఫొటోలోనూ పడేలా, ఆరోగ్యమంత్రి పేరున్న ప్రారంభోత్సవ ఫలకం పెట్టించింది ఆయనే. వెనక లైట్లున్న గాజు ఫలకం, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ప్రారంభోత్సవం నాడు ఊడ్చే ఆవిడ పొరపాటున దాని స్విచ్ ఆపేసింది. టీవీలో మంత్రిగారు చీకటి పక్కన నిలబడి వెలుగు గురించి ఉపన్యసించారు. మర్నాడే ఫూనెస్ ఆ స్విచ్ పీకించి, లైట్లని నేరుగా గోడలోని తీగకి కలిపించాడు.

డెలీసియా కేసు గురువారం. సోమవారం మధ్యాహ్నం ఇవోన్ ల్యాబ్ బల్ల మీద ఒక ప్లాస్టిక్ బేసిన్ పెట్టి ఫూనెస్‌ని పిలిచింది.

"ఏమిటీ అంట్లు?" అన్నాడాయన.

"పేషెంటు డాక్టర్. ఉప్పునీళ్లు. వంటింటి ఉప్పే. ఇంటివాళ్లెవరికీ జబ్బుల్లేవు. వించూకా కొరకలేదు, నేనే కాపలా కాశాను."

నీళ్లలో తీగ ముంచింది. చిన్న పరికరంతో ఒక్కటంటే ఒక్క కరెంటు పోటు పొడిచింది. పాత యంత్రం మీద, ఇస్త్రీ నొక్కి ఉండగా, గీత నిటారుగా లేచి దిగింది. దిగాక దాని వెనకే చిన్న చిన్న అలలు, దువ్వినట్టుగా, వరసగా వచ్చాయి.

అలవాటు చొప్పున ఫూనెస్ ముందుకి వంగాడు. వేలు తెర మీదికి వెళ్లింది. "ఇవిగో, ఆలస్యపు సంకేతాలు. ఎంత బాగున్నాయి! ఎవరివి?"

"బేసిన్‌వి."

ఇవోన్ బేసిన్‌ని ఆయన ముందుకి జరిపింది.

"ఈ బేసిన్‌కి చాగస్ ఉంది డాక్టర్. కాల్చేద్దామా?"

మూల కూర్చుని మాతే అనే ఆకు టీని గొట్టంతో పీలుస్తున్న ఎర్మీనియాకి ఆకు నీళ్లు ముక్కులోకి ఎక్కాయి. దగ్గుతూ బయటికి పరుగెత్తింది. ఆ దగ్గులో నవ్వే ఎక్కువ.

ఇవోన్ అదే పోటు బిస్కెట్ల డబ్బాకిచ్చింది. గీత లేచింది, దిగింది. వెనక అలల్లేవు. గోడల రొద మాత్రం గీత పొడవునా గడ్డిలా మొలిచి ఉంది.

"ఇస్త్రీ రొదని తుడిచి ఊరుకోదు. గట్టి దెబ్బ పడిన ప్రతిసారీ, గంట కొట్టాక మోగినట్టు తనే మోగి, ఒక తోక అతికిస్తుంది. దెబ్బ ఎంత గట్టిదైతే తోక అంత అందం. గట్టి దెబ్బ కొట్టేది ఏ కండ? బాగున్న కండ."

ఆమె ముగించకముందే ఫూనెస్ మొహంలో రక్తం లేదు. మూర్ఖుడైతే ఇంకా వాదించేవాడు. ఆయన మూర్ఖుడు కాదు, అందుకే అంత బాధ.

"అంటే రెండుసార్లూ నేను..."

"మంచి కండని కాల్చారు. మీట నొక్కి ఇచ్చింది నేను. ఇద్దరం కలిసే కాల్చాం."

ఆయన బేసిన్‌ని పక్కకి నెట్టాడు. "ఆమెకి ఎవరు చెప్తారు?"

"మీరు," అంది ఇవోన్. ఆయన గడియారం చూసుకున్నాడు, మీటింగుందన్నాడు, వెళ్లిపోయాడు. ఫ్రిజ్ తలుపు మూసుకుంది. ఇవోనే వార్డుకి వెళ్లి చెప్పింది. దాచకుండా, చక్కెర పూయకుండా.

డెలీసియా మొత్తం విన్నది. "అంటే మంచి మాంసం మాడ్చి, చెడింది వదిలేశారు."

"అవునమ్మా."

"మా ఊళ్లో ఆదివారం నిప్పుల మీద మాంసం అలా కాల్చినోణ్ణి, వాణ్ణే నిప్పుల మీద పెడతారు."

"పెట్టాల్సిందే డెలీసియమ్మా."

ఆమె దుప్పటి అంచు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. దుప్పటి వదిలేసి అంది: "అయితే ఇన్నాళ్లూ నా గుండెది కాదు తప్పు. అది మొండిదనుకొని దాన్ని తిట్టిపోశాను." తలెత్తి చూసింది. "ఈసారి చూసి కాల్చండే తల్లీ. చూసి."

మర్నాడు ఫూనెస్ తలుపు వేసుకొని ఇవోన్‌తో మాట్లాడాడు. గొంతు తగ్గింది కానీ మాట గట్టిగానే ఉంది. "ఇస్త్రీ పెడితే అబద్ధం, తీస్తే గడ్డి. అంత గడ్డిలో నీ దోమ దగ్గు నాకు కనబడదు. గురువారానికి గడ్డి కొయ్యి. కొయ్యలేకపోతే ఆమెని ఇంటికి పంపేస్తాను. గుడ్డిగా ఇంకోసారి కాల్చను."

ఆ మాటలో న్యాయముంది. ఇవోన్‌కి అదే గుచ్చుకుంది.

రొద ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకి తెలుసు. తెలుసనుకుంది. కంట్రోల్ రూమ్‌లో మాతే నీళ్లు కాచే కరెంటు కెటిల్ ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అది మరుగుతూనే ఉంటుంది. ఎర్మీనియా సొరబుర్రలో ఆకు నింపి, నీళ్లు పోసి, ఒకే గొట్టంతో వరసగా అందరికీ అందిస్తుంది. తీగలు సర్దే కుర్రాడి నుంచి మత్తు డాక్టరు దాకా, ఊడ్చే ఆవిడ దాకా, ఆ వరస తెగదు. అది ఆగితే ఆసుపత్రి ఆగుతుంది. ఇవోన్ నేరుగా వెళ్లి కెటిల్ ప్లగ్గు పీకి, తీగ చుట్టి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

"కెటిల్ దొంగా!" అని అరిచింది ఎర్మీనియా. "జీతం ఆపితే సహించాం. సెలవులు ఎగ్గొడితే సహించాం. నీళ్లు ముట్టుకుంటావా?"

"రొద దానిదే అక్కా. రెండ్రోజులు ఓర్చుకో."

"నీ నోరు ఆపి చూడు, రొద సగం తగ్గుతుంది."

వీధి చివర బేకరీ నుంచి ఫ్లాస్కులో నీళ్లు తెచ్చుకున్నారు. వచ్చేసరికి గోరువెచ్చన. గడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంది మాతే. అయినా వరస తిరిగింది. ఎర్మీనియా చేతిలోంచి బుర్ర అందరికీ వెళ్లింది. ఇవోన్ దగ్గరికి వచ్చేసరికి, అక్కడ ఖాళీ కుర్చీ ఉన్నట్టు, పక్కవాడికి వెళ్లిపోయింది. ఈ ఊళ్లో మనిషిని కొట్టినా రాజీ కుదురుతుంది. వరసలో దాటేస్తే బతికుండగా తద్దినం పెట్టినట్టే.

గడ్డి మాత్రం ఒక్క పోచ తగ్గలేదు.

ఏ ఆసుపత్రిలో ఏ తప్పు జరిగినా వెతకడం కింది నుంచే మొదలవుతుంది. ముందు ఊడ్చేవాళ్లని, తరవాత నర్సుని, తరవాత నర్సు టీ గిన్నెని తిరగేస్తారు. పై వరస దాకా వెతుకులాట ఎప్పుడూ ఎక్కదు, మధ్యలోనే అలిసిపోతుంది. అంత నోరున్న ఇవోన్ కూడా సరిగ్గా అక్కడే మొదలెట్టింది. బుధవారం కెటిల్ తెచ్చి ప్లగ్గు పెట్టింది.

"తప్పు నాది."

"నాకెందుకు చెప్తావ్? దానికి చెప్పు," అంది ఎర్మీనియా.

ఇవోన్ కెటిల్ ముందు నిలబడింది. "క్షమించు."

"వినబడలేదట."

"క్షమించు తల్లీ, కెటిలమ్మా!"

గది మొత్తం నవ్వింది. కానీ ఆ సాయంత్రం కూడా బుర్ర ఆమెని దాటే వెళ్లింది.

గురువారం పొద్దున డెలీసియాని బల్ల మీద పడుకోబెట్టారు. పూర్తి మత్తు ఇవ్వలేదు, నోరు పని చేసేంత మెలకువ ఉంచారు. తీగ గుండెలోకి చేరింది. సంకేతాలు గుర్రబ్బండి డబ్బాలోంచి తెర మీదికి వచ్చాయి. డోలు కనబడుతోంది. దాని చుట్టూ అదే గడ్డి.

"ఒక్కొక్కటీ ఆపండి," అంది ఇవోన్.

ఏసీ ఆపారు. దుప్పటి వెచ్చబెట్టే యంత్రం ఆపారు. పై దీపాలు ఆపారు. వాడని మానిటర్లు, ఫోను చార్జర్లు, పక్క గది ఫ్రిజ్. ఎర్మీనియా ఇవోన్ కళ్లలోకి చూస్తూ, అందరికీ కనబడేలా, కెటిల్ ప్లగ్గు కూడా పీకి పైకెత్తి చూపించింది. గడ్డి అలాగే ఉంది.

ఫూనెస్ గౌను, గ్లౌజులు తొడుక్కొని, ఒక చేత్తో తీగ పట్టుకొని నిలబడ్డాడు. "ఇంకేముంది ఆపడానికి?"

"ఏమీ లేదు డాక్టర్. అన్నీ ఆపేశాం."

ఆయన తెర వైపు చూశాడు, డెలీసియా వైపు చూశాడు. తీగని సహాయకుడి చేతికిచ్చి ఒకడుగు వెనక్కి వేశాడు. "అయితే ఆమెని కిందికి దించండి."

"దించేముందు ఒక సంగతి చెప్పండి," బల్ల మీంచి డెలీసియా గొంతు బద్ధకంగా వచ్చింది. "అన్నీ ఆపేశామంటున్నారు కదా, మరి నా కళ్లలో పడి వెలుగుతున్న ఈ మంత్రి ఎవడు?"

అందరూ గోడ వైపు తిరిగారు. చీకటి గదిలో 'గౌరవనీయ' అన్న మాట తెల్లగా వెలిగిపోతోంది. స్విచ్ లేదు కాబట్టి అది ఆపదగిన వస్తువని ఎవరికీ తట్టలేదు. గోడ ఎలాగో అదీ అలాగే.

ఇవోన్‌కి ఒక్కసారిగా అర్థమైంది. దాన్ని కలిపిన తీగ ఏది? రికార్డింగ్ యంత్రాలకని విడిగా లాగిన తీగ. వేరే దేన్నీ తగిలించకూడని తీగ. ఫ్యూజు ఆపితే రెండూ కలిసే ఆరతాయి. ఆమె పరికరాల సంచీలోంచి కటింగ్ ప్లయర్ తీసింది.

"ఆగు!" అన్నాడు ఫూనెస్. "అది ప్రభుత్వ ఆస్తి! ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది!" చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. క్రిములు లేని గ్లౌజులు, దేన్నీ తాకడానికి లేదు. దారిదోపిడీలో దొరికినవాడిలా నిలబడ్డాడు.

"ఆపండి నన్ను," అంది ఇవోన్. "గ్లౌజులు మాసిపోతాయి, అంతేగా."

స్టూలు జరిపి ఎక్కింది. ఫలకం వెనక రెండు జతల తీగలున్నాయి, రెండూ ఒకే రంగు. ఒకటి లైట్లది, ఒకటి రికార్డింగ్‌ది. తప్పు జత తెగితే ఈ రోజుతో అంతా సరి. ఆమె ప్లయర్‌ని ఒక జత మీదికి, మళ్లీ రెండో జత మీదికి జరిపింది.

బల్ల మీంచి డెలీసియా తల తిప్పి ప్లయర్ వైపు చూసింది. 

"ఎడమవైపు," అన్నాడు ఫూనెస్.

ఇవోన్ వెనక్కి తిరిగి చూసింది.

"ఎడమవైపు జత. నేనే దగ్గరుండి కలిపించాను." చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. "కొయ్యవమ్మాయ్, ఏం చూస్తావ్? నాకు చేతుల్లేవు."

ఒక్కొక్క తీగనీ విడిగా పట్టి కోసింది. టక్కుమంది. మంత్రిగారు ఆరిపోయారు. తెర మీది గడ్డి మొత్తం ఎవరో కొడవలి పెట్టి కోసినట్టు కూలిపోయింది. గీత సన్నగా, బోసిగా మిగిలింది.

ఫూనెస్ మళ్లీ తీగ అందుకున్నాడు. గుండె లోపలి గోడ మీద కొసని మెల్లగా జరుపుతూ పోయాడు. డోలు. డోలు. డోలు. మచ్చ అంచు దాటాక డోలు మందగించింది. ఇంకొంచెం. డోలు వెనక, రెప్పపాటు ఆలస్యంగా, ఒక చిన్న వంకర లేచింది. అందంగా లేదు. దువ్వినట్టు లేదు. పళ్లు ఊడిన దువ్వెనలా ఉంది. ప్రతి దెబ్బకీ మళ్లీ అక్కడే వచ్చింది.

"ఇది బేసిన్ కాదు కదా?" అన్నాడు ఫూనెస్ నెమ్మదిగా.

"కాదు డాక్టర్. ఇది డెలీసియా."

కాల్చాడు. చుట్టూ అలాంటివే ఇంకొన్ని దొరికాయి, వాటినీ కాల్చాడు. తరవాత గుండెని కావాలనే గిల్లి, పొడిచి, రెచ్చగొట్టారు. ఇంతకు ముందు ఇంత గిల్లితే చాలు, పరుగు లంకించుకునేది. ఈసారి విసుక్కున్నట్టు ఒకటి రెండు దెబ్బలు తప్పి, మళ్లీ తన నడక తను నడిచింది. ఇంకోసారి గిల్లారు. నడిచింది.

"అయిపోయిందా?" అంది డెలీసియా. "కాల్చిన వాసన రాలేదే."

కంట్రోల్ రూమ్‌లో కెటిల్ మళ్లీ మరిగింది. ఎర్మీనియా కొత్త ఆకు నింపింది, మొదటి నీళ్లు పోసింది. బుర్ర తిన్నగా తీసుకెళ్లి ఇవోన్ చేతిలో పెట్టింది. "తాగు, దొంగా. నాలిక కాలితే నా పూచీ లేదు." ఇవోన్ నాలిక కాలింది. అయినా బుర్ర ఖాళీ చేసి తిరిగిచ్చింది.

కొన్ని వారాలకి మంత్రిత్వశాఖ నుంచి ఒక సూటు మనిషి వచ్చాడు. వెంట ఫొటోగ్రాఫరు. చీకటి ఫలకం ముందు ఆగి కనుబొమలు ఎగరేశాడు.  తలుపు తెరుచుకుంది, చూసేవాళ్లున్నారు, కెమెరా ఉంది. ఫ్రిజ్ బల్బు వెలగాల్సిన సమయం.

"బల్బు మాడిపోయింది," అన్నాడు ఫూనెస్. "ఆ రకం ఇప్పుడు రావడం లేదట."

"వేరేది వేయించవచ్చుగా?"

"ఇక్కడ వేలాడే ప్రతి తీగా గుండెల్లోకి దూరి మాట్లాడుతుందండీ. ఫొటో కావాలంటే ఆ డబ్బా పక్కన తీసుకోండి." గుర్రబ్బండి బొమ్మ వైపు చూపించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

"ఛ," అని గొణిగింది ఎర్మీనియా. "ఇప్పుడు వీడికి కొత్త పేరు వెతకాలి."

అదే వారం డెలీసియా తనిఖీకి వచ్చింది. సంచీలో మేకపాల జున్ను, మొహంలో ఎండ. ఆమె ఛాతీలోని డబ్బా రాసిపెట్టుకున్న లెక్కలని ఇవోన్ చదివింది. ఆనాటి నుంచి ఒక్క తన్నూ లేదు.

"చచ్చిందా గాడిద?"

"లేదమ్మా, నిద్రపోతోంది. పీకేయమంటారా?"

డెలీసియా భుజం కింద ఆ గట్టి ఉబ్బు మీద అరచెయ్యి వేసి ఆలోచించింది. "ఉండనీ. తన్నకుండా ఉంటే గాడిదంత మంచి జంతువు లేదు."

లేచి వెళ్లబోతూ, తెరిచి ఉన్న ల్యాబ్ తలుపులోంచి గోడ మీది చీకటి ఫలకాన్ని చూసి ఆగింది.

"వాణ్ణి మళ్లీ వెలిగించకండే," అంది. "ఆరిపోయాకే వాడి వల్ల ఒక మనిషికి మేలు జరిగింది."